సగం చచ్చిన దొరగారు

ఆ రోజుల్లో మా ఊళ్ళో పిల్లలు భయపడటానికి సరైన సదుపాయాలు ఉండేవి కావు. దెయ్యాలున్నాయని పేరుపడ్డ తుమ్మచెట్లని ప్రత్తిపాడు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేశారు. కలలోకి కూడా బెత్తంతో వచ్చే లెక్కల మాస్టారు దర్శికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. అలా భయానికి కరువొచ్చిన సమయంలో మా మావయ్య హైదరాబాదు నుంచి వస్తూ, వాళ్ళబ్బాయి ఆడి ఆడి వదిలేసిన వీడియో గేమ్ పెట్టెనీ దానితో పాటు ఒక డిస్కునీ తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. ఆ డిస్కులో ఉన్నదంతా ఒకటే కథ, వరసగా నాలుగు భాగాలు. కొండ మీద పాడుబడ్డ కోట, అందులో మనుషుల రక్తం తాగి బతికే ఒక దొర, కొరడా పట్టుకుని అతన్ని చంపడానికి వెళ్ళే ఒక వీరుడు. ప్రతి భాగంలోనూ దొర చచ్చిపోతాడు, తరవాతి భాగంలో ఏమీ ఎరగనట్టు మళ్ళీ సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. (ఇది విని మా నాన్న ఊరి సర్పంచి గురించి ఏదో అనబోతే అమ్మ కళ్ళురిమింది.) దాని ఇంగ్లీషు పేరుకి మాకు నోరు తిరగలేదు కాబట్టి ‘దొరగారి కోట’ అని మేమే పేరు పెట్టుకున్నాం.

ఆ ఏడు పత్తికి ధర లేదు. ధర వచ్చాక అమ్ముదామని నాన్న పడమటి గదిలో ఒక పక్కన దూలాల దాకా పత్తి పోయించాడు. టీవీ ఉన్నది ఆ గదిలోనే. చెమ్మ తగలకూడదని కిటికీలు మూసి ఉంచేవాళ్ళు, అందుకని మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసకచీకటే. పత్తిలో ముడ్డి దాకా కూరుకుపోయి కూర్చుని ఆడేవాళ్ళం. బయట కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు తలుపు సందుల్లోంచి వచ్చేది. సరిగ్గా గొడ్డలి పట్టుకున్న ఇనప భటుడు ఎదురయ్యేసరికి నాకు తుమ్ము వచ్చేది, నేను తుమ్మగానే వీరుడు గోతిలో పడేవాడు. ఆ ఆట తయారు చేసినవాళ్ళు అది ఎంత కష్టంగా ఉండాలో ఎలా తూకం వేసుకున్నారో నాకు తెలీదు గానీ, గుంటూరు జిల్లాలో మిరప సీజన్లో ఆడేవాడిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదని కచ్చితంగా చెప్పగలను.

అక్కకి మొదటి భాగం ఇష్టం. అందులో జాలీ దయా లేవు. వీరుడు బరువు బండి లాగే ఎద్దులా నడుస్తాడు, చిన్న గబ్బిలం తగిలినా వెనక్కి ఎగిరి గోతిలో పడతాడు. “అదిరా ఆటంటే” అనేది అక్క. నాలుగో భాగం తనకి అసహ్యం. అందులో కత్తులూ కవచాలూ ఏరుకుంటూ పోతే చివరికి దొర మన ముందు కోడిపిల్ల అయిపోతాడు. నాకు (పిరికిబాబు అని అక్క పెట్టిన పేరు సార్థకం చేసుకోవాలి కదా) మూడో భాగం ప్రాణం. అదీ కొడుతుంది, కానీ ఎందుకు కొట్టిందో చెప్పి కొడుతుంది. పైగా మొదట్లోనే ఈజీనా, నార్మలా, హార్డా అని మర్యాదగా అడుగుతుంది. మా ఇంట్లో నన్ను అలా అడిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. మా నాయనమ్మకి ఏ భాగమైనా ఒకటే. ఆ గదిలోనే మూలనున్న మంచం మీద కందిపప్పులో రాళ్ళేరుకుంటూ ఆ వీరుడి ఆరోగ్యం కనిపెట్టి చూసేది. కోట గోడ పగలగొడితే లోపల వండిన కోడి దొరుకుతుంది, అది తింటే పోయిన ప్రాణం తిరిగొస్తుంది. నాయనమ్మ మాత్రం ప్రతిసారీ “ఒరేయ్, గోడలో పెట్టిన కూర ఎన్నాళ్ళదో ఏమో, తినమాకు” అని కేకేసేది.

అలాంటి నాయనమ్మకి కడుపునొప్పి మొదలైంది. గుంటూరు తీసుకెళ్తే పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారు. జీవితమంతా మాకోసం పప్పులో రాళ్ళేరిన మనిషి కడుపులోకి రాళ్ళెలా వెళ్ళాయో నాకు అర్థం కాలేదు. అర్థమైంది ఒకటే. మా పక్కింటి పెద్దమ్మ కూడా అంతకు ముందే గుంటూరులో ఆపరేషనుకని నవ్వుతూ కారెక్కి వెళ్ళి, తెల్లగుడ్డ కప్పుకుని వ్యానులో తిరిగొచ్చింది. కల్లం దగ్గర నాన్నా పెదనాన్నా గొంతు తగ్గించి మాట్లాడుకోవడం విన్నాను. “అమ్మకి షుగర్ కూడా ఉందంట కదరా, మత్తు తట్టుకుంటదా?” అన్నాడు పెదనాన్న. మేం కాలు పెడితే తిట్టే మిరపకాయల్ని నాన్న తనే కాలితో నెడుతూ నుంచున్నాడు. తిన్నగా పత్తి గదిలోకొచ్చి, దేవుడి పటం వంటింట్లో ఉంది కాబట్టి అందుబాటులో ఉన్న టీవీ ముందే చేతులు జోడించి మొక్కుకున్నాను: నాయనమ్మ ఆసుపత్రికి బయలుదేరే లోపు నేను మూడో భాగంలో దొరని చంపుతాను, నాయనమ్మని నాకు తిరిగి పంపించు.

ఎవరికి మొక్కానో నాకే తెలీదు. దొరకే మొక్కానేమో అన్న అనుమానం తరవాత చాలా బాధపెట్టింది.

అక్కకి చెప్పాను, నాకు బదులు నువ్వు ఆడవా అని బతిమాలాను. అక్క ముఖం పాలిపోయింది గానీ న్యాయం తప్పలేదు. “మొక్కుకున్నోడే గుండు కొట్టించుకోవాలిరా. నీ మొక్కుకి నేను ఆడితే చెల్లదు. ఇంకో మాట, హార్డులోనే ఆడాలి. ఈజీలో గెలిస్తే అది గెలుపు కాదు, దేవుణ్ణి మోసం చెయ్యడం.” ఆ మాటతో నా ప్రాణం సగం పోయింది. హార్డులో నేను కోట గుమ్మం కూడా దాటినవాణ్ణి కాదు. అయినా కూర్చున్నాను. బడి నుంచి రాగానే, అన్నం తినీ తినకుండా, పత్తిలో కూరుకుని ఆడటం, చావడం, మళ్ళీ ఆడటం. గడియారం గోపురంలో పళ్ళ చక్రాల మధ్య ఎగిరే తలకాయలు వచ్చేచోట కళ్ళు మూసుకుని బొత్తాలు నొక్కేవాణ్ణి. అదివరకు నేను చస్తే వీరుడు మాత్రమే చచ్చేవాడు. ఇప్పుడు చచ్చిన ప్రతిసారీ నాయనమ్మ కళ్ళముందు కనిపించేది. అన్నం సయించలేదు. అమ్మ నుదురు తాకి చూసి దిష్టి తీసింది.

నాయనమ్మని తీసుకెళ్ళే రోజు వచ్చేసింది. మధ్యాహ్నం కారొస్తుంది. నేను బడి ఎగ్గొట్టాను, ఎవరూ తిట్టలేదు, అది మరీ భయంగా అనిపించింది. ఆ పొద్దున ఎలా జరిగిందో గానీ గడియారం గోపురం దాటేశాను. పొడుగాటి వసారా, చివర మెట్లు, మెట్ల పైన దొర ఉండే గది. ఇంట్లో ఎవరి అలికిడీ లేదు. వీరుడు ఒక్కో మెట్టే ఎక్కుతున్నాడు. అప్పుడు నా పక్కన పత్తి కదిలింది. ఎలక అనుకున్నాను. ఎలక మూలిగింది. పత్తి కుప్పలోంచి తెల్లటి తల, తెల్లటి చేతులు, నిలువెల్లా తెల్లటి ఆకారం మెల్లగా పైకి లేచింది. నేను పెట్టిన కేకకి కల్లంలో మిరపకాయలు ఏరే కూలీలు పరిగెత్తుకొచ్చారట. నాకు ఆ సంగతి తెలీదు, ఎందుకంటే నేనప్పటికి మంచం కింద ఉన్నాను. చేతిలో ఉండాల్సిన బొత్తాల పెట్టె గోడకి తగిలి కింద పడింది, వీరుడు మెట్ల మీంచి దొర్లి అగాధంలోకి పోయాడు.

“నేనేరా నాయనా!” అంది ఆకారం. నాయనమ్మే. నొప్పికి ఎక్కడా నడుం వాల్చలేక, మెత్తగా ఉంటుందని నేను రాకముందే వచ్చి పత్తిలో పడుకుందట. తలనిండా, కనుబొమల నిండా పత్తే. అక్క వచ్చి నన్ను కాళ్ళు పట్టి బయటికి లాగింది. నేను నాయనమ్మ ఒళ్ళో పడి మొక్కు సంగతి మొత్తం చెప్పి ఏడ్చాను. ఇప్పుడు చచ్చాను కాబట్టి అంతా అయిపోయిందన్నాను.

నాయనమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా తలలోంచి పత్తి గింజలు ఏరుతూ, “నాకూ భయంగానే ఉందిరా. మీ నాన్నతో అంటే వాడు బెదురుతాడని అన్లేదు” అంది. పెద్దవాళ్ళకి భయం వేస్తుందని నాకు తెలిసింది ఆ రోజే. “ఆ ఈజీ అనేది ఉందిగా, అది పెట్టుకో” అంది.

“అది మోసం నాయనమ్మా!” అంది అక్క.

“ఏం మోసమే? మోకాళ్ళు పోయాక నేను మంగళగిరి కొండ కారులో ఎక్కలా? పానకాలస్వామి నా పానకం వద్దన్నాడా? బిందెతో పోసినా చెంబుతో పోసినా ఆయన సగమే తాగుతాడు, మిగతా సగం మనకే ఇచ్చేస్తాడు. ఎవరి శక్తి ఎంతో ఆయనకి తెలవదా? ఆడరా నువ్వు, నేను కూర్చుంటా.”

ఈజీలో మళ్ళీ మొదలుపెట్టాను. నాయనమ్మ కడుపు పట్టుకుని నా పక్కనే కూర్చుంది, గోడలో కోడిని మాత్రం మళ్ళీ వద్దంది, నేను తినకుండానే వదిలేశాను. నమ్మండి నమ్మకపోండి, తుమ్ము కూడా రాలేదు. కారు హారన్ వినిపించేసరికి దొర ముందు నిలబడి ఉన్నాను. దొర నెత్తి మీద అతని ప్రాణమంతా ఎర్రటి గీతగా ఉంటుంది, కొట్టినకొద్దీ అది తరుగుతుంది. నాన్న గుమ్మంలోకొచ్చి “అమ్మా, టైమైంది” అన్నాడు. నాయనమ్మ ఆగమని చెయ్యి చూపించింది. కొట్టాను, కొట్టాను, గీత సగానికొచ్చింది. కరెంటు పోయింది.

గది నల్లగా అయిపోయింది. నేను ఏడవలేదు. ఏడ్చింది అక్క. హార్డులో తప్ప ఆడని అక్క, గోడకి మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాయనమ్మ గోడ పట్టుకుని లేచి, “ఎంతవరకొచ్చిందిరా?” అనడిగింది. సగం అన్నాను. “సగమేగా ఆయన పుచ్చుకునేది. చాల్లే” అంటూ చీరకంటుకున్న పత్తి దులుపుకుంటూ వెళ్ళి కారెక్కింది.

తిరిగొచ్చింది. తెల్లగుడ్డ లేదు, వ్యాను లేదు, అదే కారులో, ముందు సీట్లో కూర్చుని వచ్చింది. ఆసుపత్రివాళ్ళు కడుపులోంచి తీసిన రాళ్ళని చిన్న సీసాలో వేసిచ్చారు. ఆ సీసాని ఆవకాయ జాడీల పక్కన పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించేది. “జీవితంలో నేను ఏరకుండా వదిలేసినవి ఇయ్యే” అనేది. ఆ దొర జోలికి మాత్రం నేను మళ్ళీ పోలేదు. స్వామి మనకిచ్చేసిన మిగతా సగమే నాయనమ్మ అనుకున్నాను, దాన్ని ముట్టుకోవడమెందుకు?

ఇప్పుడు నేను మంగళగిరిలోనే ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. కిటికీలోంచి చూస్తే కొండ కనబడుతుంది. కాఫీ దగ్గర కుర్రాళ్ళు ఆ ఆటల గురించి వాదించుకుంటూ, ఏ భాగం గొప్పదని నన్నడుగుతారు. మూడోది, ఈజీలో, అంటాను. చివరిదాకా ఆడారా సార్ అంటారు. సగం అంటాను. వాళ్ళు జాలిగా నవ్వుతారు, నేనూ నవ్వుతాను. రేపు నాయనమ్మకి కంట్లో పొర తీస్తారు. పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయొచ్చని డాక్టరు చెప్పారు, భయమేమీ లేదన్నారు. నేనూ చదువుకున్నవాణ్ణే, నాకూ తెలుసు. అయినా ఎందుకైనా మంచిదని ఇవాళ సెలవు పెట్టి, బట్టతల మీద ఫ్యాను గాలి తగిలేలా కూర్చుని, పిల్లల లాప్‌టాప్‌లో దొరగారి కోట పెట్టాను. గడియారం గోపురంలో కళ్ళు అలాగే మూసుకున్నాను. దొర ముందుకొచ్చి కొడుతుండగా ఊరి నుంచి ఫోను వచ్చింది.

“ఏం చేస్తున్నావురా?” అంది నాయనమ్మ.

చెప్పాను.

“ఎంతవరకొచ్చింది?”

“సగమైంది నాయనమ్మా.”

“చాల్లే, ఇంక కట్టెయ్” అంది. కట్టేశాను.