ఖలాస్ అనని జట్టు

తిమ్మయ్య పొద్దంతా అల్ రాయ్‌లో గోడౌన్ బండి తోలేవాడు. శుక్రవారం వచ్చిందంటే మాత్రం కువైట్‌లో ఆయనంత పెద్దమనిషి లేడు. ఫహాహీల్‌లో ఓ బేస్‌మెంట్ హాలు పట్టి, కడప, అన్నమయ్య జిల్లాల పనివాళ్లతో చెక్కభజన జట్టు కట్టాడు. జనాన్ని పోగు చేయడంలో దిట్ట. ముబారక్ అల్ కబీర్‌లో ఇంటిపని చేసే మునిలక్ష్మికి మామా అని పిలిచే యజమానురాలు సెలవివ్వనంటే, తానే వెళ్లి, ఇది మోకాళ్ల నొప్పికి కసరత్తని నమ్మబలికాడు. పాపం ఆ మామా ఇప్పటికీ ప్రతి శనివారం మోకాళ్లెలా ఉన్నాయని అడుగుతుంది.

ఆటలో ఆయన మాటలు రెండే. అడుగు మార్చాలంటే యల్లా, ఆట ముగించాలంటే ఖలాస్. ఓసారి ఆట మధ్యలో ఫోనొస్తే, వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌తో ఖలాస్ బాబా, ఖలాస్ అన్నాడు. జట్టంతా ఎత్తిన కాళ్లు ఎత్తినట్టే నిలబడిపోయింది. చూసేవాళ్లు అదేదో కొత్త అడుగనుకుని చప్పట్లు కొట్టారు. తిమ్మయ్య నవ్వాపుకోలేక గోడకు చేరగిలబడ్డాడు.

పోయిన నెల ఆయన గుండె ఆగింది. డోలు వాయించే పెంచల్ ఫోన్ చేసి, "తిమ్మన్న ఖలాస్ మునక్కా" అన్నాడు. ఆ మాట మునిలక్ష్మి చెవిలో ముల్లులా దిగబడిపోయింది. వెంటే భయం. జట్టు చెదిరితే శుక్రవారం కూడా గిన్నెలూ గదులే. కువైట్‌కొచ్చాక ఆమె తనకోసం బతికింది ఆ ఒక్క పూటే.

ఉగాది ఆట దగ్గరపడింది. అడుగులు చెప్పేవాళ్లు లేరు, మానుకుందామన్నారు కొందరు. పెంచల్ తిమ్మయ్య చెక్కలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పల్ల మునక్కా. ఆయప్ప అడుగులు నీ కాళ్లల్లోనే ఉండాయి."

ఆటనాడు మొదటి యల్లా డోలు చప్పుడులో కలిసిపోయింది. రెండోది హాలంతా వినబడింది. జట్టు పుంజుకుంది, చెక్కలు గలగలమన్నాయి. చివరి అడుగూ అయింది. ఇక ముగించాలి. అందరి కళ్లూ మునిలక్ష్మి మీదే. ఆమె చెక్కలు వాయిస్తూనే ఉంది.

పెంచల్‌కు చేతులు పడిపోతున్నాయి. "ఖలాస్ అనక్కా" అని బతిమాలాడు.

"అనను. ఈ జట్టులో ఆ మాట ఇంగ ఎవురూ అనగూడదు."

చెక్కలెత్తి యల్లా అంది. జట్టు నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ మళ్లీ మొదటి అడుగు అందుకుంది. కాళ్లు ఇక లేవమని మొరాయించేదాకా ఆడారు.

మర్నాడు మామా మోకాళ్ల సంగతి అడిగింది. మునిలక్ష్మి ఇన్నాళ్లకు నిజమే చెప్పింది. బాగా నొప్పిగా ఉన్నాయి మామా, వచ్చే శుక్రవారం కూడా పోవాల్సిందే.