బొగ్గు పోవాలని నలుగు పెడితే

నవ్వకుండ్రి, ముందే చెప్తున్న! చాయ్ తాగుకుంట ఇనుండ్రి. మొన్న మా చెల్లె గృహప్రవేశంల అందరి ముంగట నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త.

మా ఆయన మణుగూరు ఓపెన్‌కాస్ట్ గనిల డంపర్ నడుపుతడు. మంచోడు, నాకు ప్రాణం. కానీ ఎంత తానం చేసినా కండ్ల అంచులకు బొగ్గు అట్లనే ఉంటది. పోయినసారి ఒక పెండ్లిల మా చెల్లె ఏమన్నదో తెలుసా? "బావా, అక్క కాటుకంత నువ్వే పెట్టుకున్నవా?" అందరు పకపక నవ్విండ్రు. ఆయన కూడ నవ్విండు! నాకే కడుపుల మండింది. గిప్పుడు చండ్రుగొండల దాని కొత్తిల్లు. ఈసారి ఫొటోల మా ఆయన మెరిసిపోవాలె, అంతే!

దవాఖానల డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. "గట్టిగ రుద్దొద్దమ్మా. ఎండకు, చెమటకు, దుమ్ముకు ఆయన తోలు ముందే పాడైంది. కొబ్బరినూనె రాసి మెల్లగ తుడువు" అని. నేను ఇంటనా? ఫోన్ల నలుగు పిండి వీడియో చూసిన. పెసలు, నారింజ తొక్కలు, గులాబీ రేకులు... ఇన్‌స్టంట్ గ్లో అట! అన్నీ మిద్దె మీద చీర పరిచి ఎండపోసిన. మధ్యాహ్నం గనిల బ్లాస్టింగ్ అయింది, కిటికీలు గలగలమన్నయి. రోజూ ఉండేదే కదా అని సీరియల్ చూసుకుంట కూసున్న. మిక్సీ పట్టినంక పిండి జర నల్లగ అనిపించింది. తొక్కలు మాడినయేమో అనుకున్న.

గృహప్రవేశం నాడు పొద్దుగాల ఆయనను పెరట్ల స్టూల్ మీద కూసోబెట్టి రుద్దుడు మొదలువెట్టిన. అరె, నీళ్లు నల్లగ దిగుతున్నయి! నాకు సంబురమే సంబురం.

"చూసినవా, ఎంత బొగ్గు దాచిపెట్టినవో!"

"మెల్లగనే, మండుతుంది..."

"మండనియ్. మురికి ఇడుస్తుంది."

రుద్దినకొద్ది వస్తనే ఉంది. గనిల బొగ్గన్న అయిపోతదేమో గని మా ఆయన మొహంల అయిపోయేటట్టు లేదు! ఆయన గిన్నెల చెయ్యి పెట్టి పిండి నలిపి చూసిండు.

"ఏమే, ఇది యాడ ఎండపోసినవ్?"

"మిద్దె మీద."

"బ్లాస్టింగ్ అయినప్పుడు గూడ ఆడనే ఉందా?"

అయిపాయె! బ్లాస్టింగ్ అయితే బొగ్గు దుమ్మంత మా కాలనీ మీదనే పడ్తది, ఆరేసిన బట్టలే దులిపి దులిపి మడత పెడ్తం. నేనేమో మొహానికి రాసేది బయట పెట్టి మర్చిపోయిన. ఆయన డ్యూటీల అంటించుకునేది సాలదని ఇంట్ల నేను కూడ రుద్దుతున్న!

జల్దీ జల్దీ కడిగి కొబ్బరినూనె రాసిన. నలుపు పోయింది గని చెంపలు టమాటల్లెక్క ఎర్రగైనయి. నాకు ఏడుపొచ్చింది. "నీకు మంట పుట్టిచ్చిన కదయ్యా" అంటే, "ఏం గాదు తియ్, ముహూర్తం దాటుతది, నడువ్" అన్నడు. ఉరుకులు పరుగుల మీద చీర కట్టుకొని బండెక్కిన.

ఆడ మా చెల్లె ఎదురొచ్చింది. "బావా, ఏంది, కొత్త పెండ్లికొడుకు లెక్క గింత సిగ్గు?" అన్నది. నాకు పాణం లేచొచ్చింది. గెలిచిన అనుకున్న! ఆయన పక్కన నిలవడి ఫొటోకు మంచిగ నవ్విన. ఫొటోగ్రాఫర్ కెమెరా దించి, "అక్కా, మీరు డ్యూటీ దిగి సీదా ఇటే వచ్చిండ్రా?" అన్నడు.

అందరు నా దిక్కు చూసిండ్రు. సెల్లుల చూసుకుంటె ఏముంది... నుదుటి నుంచి గదుమ దాక నల్లటి చారలు! ఆయనను రుద్దుకుంట అదే చేత్తో చెమట తుడుచుకున్న. ఆ తొందరల అద్దం యాడ చూసిన?

"ఏమయ్యా! పొద్దుటి సంది చూస్తున్నవ్ కదా, ఒక మాట చెప్పొద్దా?" అని మీదికి పోయిన.

పాపం, రెండు చెంపలు చేతులతోటి మూసుకొని ఎనకకు జరిగిండు. "చెప్తే, ఇద్దరం మళ్లొకసారి రుద్దుకుందాం పా అంటవని భయమైందే!"