వైఫై పటానికెక్కిన గుండీల కౌంటర్

మా బట్టల షాపు రెండో అంతస్తులో నేను ఆల్టరేషన్ టైలర్ని. నా మిషనుకి ఎదురుగా గుండీల కౌంటర్. పంతొమ్మిదేళ్ళుగా దాన్ని నడుపుతున్న ఆవిణ్ణి షాపంతా గుండీలక్క అంటుంది. ఆమె వెనక గోడంత చెక్క చట్రం, అందులో అరవై ఇనప సొరుగులు, వాటినిండా గుండీలు, హుక్కులు, జిప్పులు. ఎవరైనా ఊడిన గుండీ తెచ్చి చూపిస్తే బొటనవేలితో ఒకసారి తడిమి, వెనక్కి తిరక్కుండానే సరైన సొరుగు లాగుతుంది. నోరు మాత్రం కాస్త దురుసు. "చొక్కా లోపల కుట్టిచ్చిన స్పేర్ గుండీ ఏం చేశావయ్యా?" అని నిలదీశాకే అమ్ముతుంది. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు.

పోయిన ఏడాది యాజమాన్యం పైకప్పుకి తెల్లటి వైఫై డబ్బాలు బిగించింది. కొనడానికి వచ్చినవాళ్ళ ఫోను ఏ డబ్బాకి ఎంత గట్టిగా వినబడుతోందో చూసి, మనిషి షాపులో ఎక్కడున్నాడో చెప్పేస్తాయట. "ఎవరి పేర్లూ తెలియవు, ఎక్కడ ఎంతమంది ఎంతసేపు ఆగారన్నది తెలుస్తుందంతే" అన్నాడు వైఫై ఇంజనీరు. జనం మూగిన చోటు పటంలో ఎరుపు, లేనిచోటు నీలం.

మూడు నెలల తర్వాత మేనేజర్ మమ్మల్నందర్నీ పిలిచి ఆ పటం తెరమీద చూపించాడు. గుండీల మూల నీలంగా ఉంది. పక్కనున్న సూట్‌కేసుల సెక్షన్ భగభగా మండుతోంది. అక్కడి సేల్స్‌మన్ రోజుకి నాలుగు పెట్టెలు అమ్మితే గొప్ప, అయినా పెళ్ళికొడుకులా కాలరు సర్దుకున్నాడు.

"గుండీల కౌంటర్ తీసేసి ఆ జాగా సూట్‌కేసులకిస్తున్నాం. వచ్చే నెల నుంచి మీరు కింద గోడౌన్లో ప్యాకింగ్ చూడండమ్మా" అన్నాడు మేనేజర్.

"నా దగ్గర నిలబడడానికి చోటుండదు సార్. ఒకసారి వచ్చి కళ్ళతో చూడండి."

"కళ్ళు పొరబడతాయమ్మా. డేటా పొరబడదు."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆమె ముందు మూగే జనాన్ని చూసేవాణ్ణి నేనే. అయినా బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాను. అక్క ఆ సాయంత్రమంతా సొరుగులు ఒక్కొక్కటే లాగి చూసుకుంటూ కూర్చుంది. అట్టపెట్టెలకి టేపు ఎవరైనా అంటిస్తారు, ఆ అరవై సొరుగులూ ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియవు. అవి పోతే ఆమె పనితనం కూడా పోయినట్టే.

సోమవారం మాత్రం అక్క నవ్వుతూ వచ్చింది.

"మా అత్తగారు ఫోను దొంగలెత్తుకుపోతారని ఇనప బీరువాలో పెట్టి తాళమేస్తుందయ్యా. ఆపైన 'నా కొడుకు నాకు ఒక్క ఫోనన్నా చెయ్యడు' అని నామీద సాధింపు. నిన్న ఆవిడ ఎదురుగానే చేసి చూపించా. బీరువా మూస్తే మోగలేదు, తెరిస్తే మోగింది. అప్పుడు తట్టింది. డబ్బాలు బిగించాక ఇంజనీరు అడుగడుగునా ఫోను పట్టుకు నిలబడి, 'ఇది గుండీల చోటు, ఇది పెట్టెల చోటు' అని డబ్బాలకి నేర్పాడు చూడు, ఆ రోజు నా సొరుగులెక్కడున్నాయి?"

నాకూ గుర్తొచ్చింది. యాజమాన్యం వాళ్ళు వస్తున్నారని ముందురోజే అరవై సొరుగులూ పీకి, తుడిచి నూనె పెట్టడానికి మెట్లపక్క గదిలో పేర్చింది. నేను వద్దన్నా వినలేదు. డబ్బాలు నేర్చుకున్నది ఆ ఖాళీ చట్రాన్ని. మర్నాడు ఇనుమంతా తిరిగొచ్చాక ఆమె దగ్గరున్న ఫోన్ల సిగ్నల్ మారిపోయి, డబ్బాలకి పక్కనున్న పెట్టెల చోటులా వినబడింది. దాంతో అక్కడ నిలబడ్డవాళ్ళందరూ సూట్‌కేసుల లెక్కలో పడుతున్నారు.

"కొరివితో తల గోక్కున్నాను" అంది అక్క.

"చెప్తే తప్పంతా నీదే అంటారు."

"నాదే. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు."

మర్నాడు షాపు తెరవకముందే మేనేజర్నీ ఇంజనీరునీ లాక్కొచ్చింది. మేం ఐదుగురు పనివాళ్ళం ఫోన్లు పట్టుకుని గుండీల కౌంటర్ చుట్టూ నిలబడ్డాం.

"ఇప్పుడు ఎవరెక్కడున్నారో మీ పటం చూసి చెప్పండి బాబూ" అంది.

ఇంజనీరు లాప్‌టాప్ చూశాడు. "గుండీల దగ్గర ఎవరూ లేరు. సూట్‌కేసుల దగ్గర ఐదుగురు."

"పెట్టెల్లో దాక్కున్నారేమో, మూతలు తీసి చూడండి సార్" అంది అక్క మేనేజర్‌తో.

ఈసారి నేను ఊరుకోలేదు. "రోజూ ఇదే వరస సార్. ఎదురుగా కూర్చునేవాణ్ణి, నేను సాక్షి. ఆ రోజే చెప్పాల్సింది."

అరవై సొరుగులూ లాగి మెట్లపక్క గదికి మోశాం. చేతులు పడిపోయాయి. మళ్ళీ వచ్చి అదే చోట నిలబడ్డాం. తెరమీద చుక్కలు ఒక్కొక్కటే సూట్‌కేసులు వదిలి గుండీల వైపు జరిగాయి. ఐదోది కాస్త మొండికేసి, చివరికి అదీ వచ్చింది. మా మధ్య ఎవరో ఈల వేశారు.

"సామాను ఎలా ఉంటుందో అలాగే ఉంచి కొలవాలి. నేనే అడగాల్సింది" అన్నాడు ఇంజనీరు. మంచివాడే పాపం.

"అయితే సొరుగులు బయటే ఉంచేస్తే సరిపోతుంది కదా?" అన్నాడు మేనేజర్.

"గుండీలు నేలమీద పోసి అమ్మమంటారా సార్? పటం మళ్ళీ గీయించండి."

సొరుగులన్నీ చట్రంలో పెట్టాక ఇంజనీరు రెండ్రోజులు మళ్ళీ అడుగడుగునా కొలిచాడు. నెలాఖరు మీటింగులో కొత్త పటం వేశారు. అంతస్తు మొత్తమ్మీద గుండీల మూలంత ఎరుపు ఇంకెక్కడా లేదు. పైగా గుండీకని వచ్చినవాళ్ళలో సగంమంది అటునుంచటే చొక్కాల వైపు నడుస్తున్నారట. గోడౌన్ మాట రద్దయింది. సూట్‌కేసుల జాగాలో సగం అక్కకిచ్చారు. నాకైతే నా సొంత అక్క గెలిచినంత సంతోషమేసింది.

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "మూడో అంతస్తు పటం కూడా మీరొకసారి చూసి చెప్తారా అమ్మా?"

"ఇప్పుడు కుదరదు సార్. కౌంటర్ దగ్గర జనం ఉన్నారు" అని అక్క మమ్మల్నందర్నీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.