యాదమ్మ ఇంట్లో దయ్యం

కాకినాడ నుంచి పనిమీద వెళ్లి, యాకుత్‌పురా స్టేషన్లో ఫలక్‌నుమా వెళ్లే లోకల్ రైలు కోసం కూర్చున్నాను. పక్కనే ఖాళీ పాలక్యాన్లతో యాదమ్మ అనే పెద్దావిడ. మాటల్లో, చనిపోయిన తన భర్త దయ్యమై ఇంట్లోనే తిరుగుతున్నాడని చెప్పింది.

"మీరు నిజంగా చూశారా అమ్మా?" అన్నాను.

ఆమె నవ్వింది. "యాడ చూసిన బిడ్డా! ఒక్కదాన్నే ఉన్ననని ఇల్లు గుంజుకుందామని కొందరొచ్చిన్రు. గందుకే గా పుకారు నేనే లేపిన. మళ్ల ఒక్కడు రాలే."

"అయితే దయ్యం లేనట్టేగా?"

"మొదలు లేకుండె. బయటోళ్లకు ఇనబడాలని రోజూ ఆయనతోని మాట్లాడిన. గదే అలవాటైంది. ఇప్పుడు లేడంటే నా పానం గాబరైతది."

రైలొచ్చింది. దయ్యాలు లేవని అందరితో వాదించే నేను, ఆమె క్యాన్లు పైకి అందిస్తూ, "ఆయన్ని అడిగానని చెప్పండమ్మా" అన్నాను.