కాటా గదిలో కాలిపోయే కార్డులు

సూర్యాపేటలో ఇప్పుడు ఎవరైనా కంప్యూటర్ బాగుచేయమని స్టీఫెన్‌ను పిలిస్తే, అతను ముందు కంప్యూటర్ దగ్గరికి వెళ్లడు. ఇంటి వెనక్కి వెళ్తాడు. గోడ వారగా, మోరీ పక్కన, పిచ్చిమొక్కల మధ్య వంగి వంగి వెతుకుతాడు. "ఎర్తు గుంత యాడుంది?" అని అడుగుతాడు. చాలామందికి తెలియదు. నెట్టు రావడం లేదని పిలిస్తే పెరట్లో తిరుగుతాడేమిటి, ఈ మనిషికి మతి పోయిందా అని నవ్వుకుంటారు. నవ్వనివ్వండి. వాళ్లలో ఒక్కరికీ రుక్మాబాయి తెలియదు.

స్టీఫెన్‌ది మఠంపల్లి దగ్గర చిన్న పల్లె. తండ్రి సున్నపురాయి క్వారీలో పనిచేసి, ఆ దుమ్మునే ఊపిరితిత్తుల నిండా నింపుకుని పోయాడు. కొడుకైనా దుమ్ములో బతక్కూడదని తల్లి పట్టుబట్టి కోదాడలో కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సులో చేర్పించింది. పాపం, పాత కంప్యూటర్ మూత తీస్తే ముందు ముఖాన కొట్టేది దుమ్మేనని ఆమెకేం తెలుసు!

కోదాడలో నేర్పిన భాస్కర్ సార్ ఒక పట్టుదల మనిషి. పిల్లలు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉరికితే చేతి మీద ఒక్కటి వేసేవాడు. "ముందు టెస్టర్ పెట్టవయ్యా! పెట్టె ఒంటి మీద కరెంటు ఉందో లేదో చూసుకోకుండా మూత తీస్తావేంటి? బాగుచెయ్యడం తర్వాత, ముందు బతికుండాలిగా" అనేవాడు. స్టీఫెన్ కొన్నేళ్లు ఆ మాట తప్పలేదు. తర్వాత అందరిలాగే వదిలేశాడు. పని చేతికి అలవాటయ్యాక మొదట వదిలేది జాగ్రత్తనే కదా.

సూర్యాపేటలో షాపు పెట్టేనాటికి ప్రతి గల్లీలో నెట్ సెంటర్ ఉండేది. అవన్నీ ఫోన్ల దెబ్బకు మూతపడ్డాయి. కొత్తగా వచ్చే కంప్యూటర్లకు వేరే కార్డు బిగించే పనే లేదు, అన్నీ లోపలే ఉంటాయి. ఇక స్టీఫెన్‌కు మిగిలినవి ఎవరూ ముట్టని ముసలి కంప్యూటర్లు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో అవి ఇంకా ఊపిరితోనే ఉన్నాయి. లారీలు తూచే కాటాకు ఎప్పుడో రాయించుకున్న సాఫ్ట్‌వేర్ ఆ పాత కంప్యూటర్లలో తప్ప నడవదు. అందుకని వాటిని చంపరు, సుఖంగానూ బతకనివ్వరు.

అలాంటి ఒక మిల్లు హరీష్‌ది. తండ్రి పోయాక అతనే చూసుకుంటున్నాడు. కాటా గదిలో తూచిన బరువు అక్కడి కంప్యూటర్ నుంచి ఆవరణకు అవతలి వైపున్న ఆఫీసు బంగళాకు కేబుల్ మీద వెళ్లాలి. దానికోసం కంప్యూటర్ వెనక ఒక నెట్‌వర్క్ కార్డు. ఆ కార్డు చస్తే బరువు అందదు, బరువు అందకపోతే బిల్లు కాదు, బిల్లు కాకపోతే లారీ కదలదు. ఒకటి ఆగితే రోడ్డు దాకా వరస. హరీష్ గొంతు ఫోన్‌లోనే చెమటలు కక్కేది.

"అన్నా, మల్ల పోయింది. జర తొందరగ రావె."

స్టీఫెన్ బండి వేసుకుని పోయేవాడు. చేసే పనికి ఒక వరస ఉండేది. కార్డు పీకి, దాని బంగారు రంగు పళ్లను చొక్కా జేబులోని స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దేవాడు. స్లాటులోని ఊక దుమ్మును బ్రష్షుతో దులిపి మళ్లీ గుచ్చేవాడు. వినకపోతే పక్క స్లాటులోకి మార్చేవాడు. అదీ కాకపోతే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ అంటారే, దాన్ని తీసేసి మళ్లీ ఎక్కించేవాడు. అన్నీ అయ్యాక కొత్త కార్డు. కొత్తదంటే ఎక్కడో మూలపడ్డ కంప్యూటర్ నుంచి పీకిందే. అది కొన్నాళ్లు పచ్చ లైటు వెలిగించి, ఒకరోజు చల్లగా చచ్చేది.

ఆ గదికి ఒక కట్టడి ఉంది. కాటా అంటే లక్ష్మి. అందుకని చెప్పులు గడప బయటే విప్పాలి. హరీష్ తాత పెట్టిన నియమం. కాటా దగ్గర తూకం రాసే మహేష్ దగ్గర్నుంచి హమాలీల దాకా అందరూ వట్టికాళ్లే. శుక్రవారం వస్తే త్రిపురారం వైపు తండా నుంచి వచ్చే రుక్మాబాయి గది కడిగి, కాటా మీటరుకూ కంప్యూటర్ డబ్బాకూ పసుపు రాసి బొట్టు పెట్టేది. స్టీఫెన్ చర్చికి వెళ్లే మనిషి. అయినా ఆమె పెట్టిన బొట్టు చెరగకుండా, పక్క రేకు మాత్రమే పట్టుకుని స్క్రూలు విప్పేవాడు. ఆమెకు అది తెలుసు. అందుకే అతను వచ్చిన రోజు ప్రసాదంలో కొబ్బరి ముక్క పెద్దది తీసి పెట్టేది.

రుక్మాబాయికి ఇంకో పని ఉండేది. కాటా గది వెనక నేలలోంచి మూరెడు ఇనుప గొట్టం పైకి ఉండేది. పొద్దున్నే దానిలో బిందెడు నీళ్లు పోసేది. ఎందుకో ఆమెకు తెలియదు. మిల్లు కట్టినప్పుడు కరెంటు పనిచేసిన మేస్త్రీ పొయ్యమన్నాడు, పోసింది. ఆ తడికి చుట్టూ బంతి మొక్కలు వేసింది. శుక్రవారం పూలు అక్కడివే.

ఒక ఎండాకాలం హరీష్ ఆవరణంతా సిమెంటు చేయించాడు. లారీలు దిగబడకుండా. ఆ పనివాళ్లు గొట్టాన్ని నేలమట్టానికి కోసి, పైన సిమెంటు పరిచేశారు. బంతి మొక్కలు పోయాయి. రుక్మాబాయి బిందె చంకన పెట్టుకుని నిలబడి, "ఇగ నీళ్లు యాడ పొయ్యాలె సారూ?" అని అడిగింది. హరీష్ నవ్వాడు. "ఇగ నీకు ఆ పని తప్పింది పో, కాళ్లు సాపుకుని కూసో" అన్నాడు. స్టీఫెన్ ఆరోజు అక్కడే ఉన్నాడు. అతనూ నవ్వాడు.

కార్డులు వరసపెట్టి చావడం ఆ తర్వాతే మొదలైంది.

"కొడుకా, నీ డబ్బ నన్ను కరుస్తంది" అంది రుక్మాబాయి ఒకసారి. "తుడుస్తుంటె చెయ్యి జివ్వుమంటది. జర సూడు."

"సూస్తనమ్మా. ముందుగాల నెట్టు రానీ. బయట లారోల్లు లొల్లి చేస్తున్నరు."

మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ చెప్పింది. మళ్లీ చూస్తానన్నాడు. మనసులో లేక కాదు. కార్డు పని అయ్యేసరికి ఇంకో మిల్లు నుంచి ఫోన్ వచ్చేది. మహేష్ అప్పటికే కాళ్లు నేలకు ఆనకుండా చెక్క పీట మీద పెట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. అడిగితే, "గట్లనే ఉంటదన్నా, అలవాటైంది" అన్నాడు. మన దగ్గర ఇదొక జబ్బు. కరిచేదాన్ని కట్టేయం, కరవకుండా కూర్చోవడం నేర్చుకుంటాం.

వానాకాలం వడ్లు మొదలయ్యే ముందు హరీష్‌కు విసుగు పుట్టింది.

"అన్నా, నీతోని అయితదా, వేరేటోల్లను పిలవాల్నా?"

ఆ మాట స్టీఫెన్‌కు గట్టిగానే తగిలింది. షాపులో కూర్చుని తల పట్టుకున్నాడు. చివరికి ఒక ఉపాయం తట్టింది. కార్డు కదా కాలుతోంది, అసలు కార్డే లేకుండా చేస్తే? కేబులే లేకుండా చేస్తే? వెళ్లి కార్డు పీకేశాడు. ఆఫీసు దాకా ఉన్న కేబుల్ ఊడదీసి చుట్ట చుట్టాడు. కంప్యూటర్ వెనక బొటనవేలంత వైఫై పరికరం గుచ్చాడు. ఆ ముసలి కంప్యూటర్ దానికి సరైన డ్రైవర్ దొరికేదాకా సతాయించి, మధ్యాహ్నానికి ఒప్పుకుంది. ఆఫీసులో బరువు పడింది. హరీష్ భుజం తట్టాడు.

"శభాష్ అన్నా! ఇన్ని దినాలు ఈ పని ఎందుకు చెయ్యలే?"

స్టీఫెన్ కూడా సంతోషంగానే ఇంటికి పోయాడు. భార్య మంజులకు చెప్పుకున్నాడు. ఆ సీజన్‌లో అతను సుఖంగా తిన్న అన్నం అదే.

ఆ వారం శుక్రవారం కోదాడలో ఒక స్కూల్లో పాత కంప్యూటర్లు చూస్తుండగా ఫోన్ వచ్చింది. మహేష్. ఏడుస్తున్నాడు.

"అన్నా, రుక్మమ్మ లేదన్నా. డబ్బ తుడుస్త తుడుస్తనే..."

స్టీఫెన్ మిర్యాలగూడకు బండి ఎలా నడిపాడో అతనికే గుర్తులేదు. వెళ్లేసరికి ఆమెను దవాఖానకు తీసుకుపోయారు. గది నేల ఇంకా తడిగానే ఉంది. పసుపు గిన్నె బోర్లా పడి నీళ్లు పచ్చబారాయి. గడప బయట ఆమె చెప్పులు, పక్కపక్కనే, పద్ధతిగా.

కరెంటు మనిషిని పిలిచారు. అతను సిమెంటు పగలగొట్టించి కోసేసిన గొట్టాన్ని చూపించాడు. కారిన కరెంటును భూమిలోకి దింపే ఎర్తు గుంత అదే, తడి ఉంటేనే పనిచేస్తుంది. లోపల ఉప్పూ బొగ్గూ ఎండి బూడిదైపోయాయి. తీగ తుప్పుకు తెగిపోయింది. అటు మిల్లులో ధాన్యం పైకెత్తే మోటారు వైరును పందికొక్కులు కొరికాయి. అక్కడ కారిన కరెంటు ఎర్తు తీగలోకి దిగింది. భూమిలోకి పోవాల్సింది పోవడానికి దారి లేక, ఆ తీగ తగిలిన ప్రతి ఇనుము మీదా కూర్చుంది. కాటా గది డబ్బా మీద కూడా. మోటారు ఆడుతున్నంతసేపూ.

స్టీఫెన్‌కు మిగతాది ఎవరూ చెప్పనక్కర్లేదు. సూర్యాపేట వచ్చి షాపులో చచ్చిన కార్డుల డబ్బా బల్ల మీద గుమ్మరించాడు. ఎప్పుడూ రబ్బరుతో రుద్దిన బంగారు పళ్లన్నీ మెరుస్తున్నాయి. కాలింది ఇవతలి వైపు, కేబుల్ గుచ్చే ఇనుప మూతి దగ్గర. అన్నిటికీ అక్కడే నల్లటి మచ్చ. ఒక్కసారి తిప్పి చూస్తే సరిపోయేది. ఆ కేబుల్‌కు లోపల పల్చటి రేకు చుట్టి ఉంది. దాని అవతలి కొస ఆఫీసు బంగళాలో మంచి ఎర్తుకు తగులుతోంది. డబ్బా మీది కరెంటు కార్డు మూతిలోంచి, కేబుల్ రేకు మీదుగా అటు పోయి భూమిలో దిగుతోంది. అంత పోగా మిగిలిందే ఆమె చేతికి జివ్వుమన్నది. కార్డులు కాలినన్నాళ్లూ ఆమె బతికింది. ఆ ఒక్క దారినీ చుట్ట చుట్టి పక్కన పెట్టింది స్టీఫెన్. కార్డులు కాలకుండా చేశాడు, శభాష్ అనిపించుకున్నాడు.

పేపర్లో నాలుగు ముక్కలు వేశారు, ప్రమాదవశాత్తు అని. హరీష్ చెడ్డవాడేం కాదు. దినాల దాకా తండాకు పోయివచ్చాడు. కానీ స్టీఫెన్‌ను పక్కకు పిలిచి, "అన్నా, కేబుల్ ముచ్చట ఎవలికీ సెప్పకు. ఇంత మందిమి ఉన్నం, ఎవల తప్పని అంటం?" అన్నాడు. నిజమే. గొట్టం కోసినవాళ్లు, కోయించినవాడు, పీట మీద కాళ్లు పెట్టుకున్నవాడు, పందికొక్కులు, అందరూ ఉన్నారు. తలా కాస్త పంచుకుంటే ఎవరికీ బరువుండదు. స్టీఫెన్ మాత్రం తన వంతు ఎవరికీ ఇవ్వలేదు.

వారం తిరక్కముందే తండాకు పోయాడు. రుక్మాబాయి మొగుడు లచ్చిరాం కాలువ గట్టు పక్క గుడిసె ముందు మంచంలో కూర్చుని ఉన్నాడు. చూపు సరిగా ఆనదు. పేరు చెప్పగానే ముఖం ఎత్తాడు.

"కంప్యూటర్ స్టీఫెనా? నీ ముచ్చట చెప్పేది. డబ్బ కరుస్తందని నీకు సెప్పిన అనేది, స్టీఫెన్ సూస్తనన్నడు అనేది. సూసినవా కొడుకా?"

నిలదీసి అడగలేదు. తెలుసుకుందామని అడిగాడు. నిలదీసినా బాగుండేది. దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ పక్కన పెట్టాడు స్టీఫెన్.

"లేదు బాపూ. కార్డు సూసిన. కార్డు బాగ చేసిన. ఆమె చెప్పింది సూడలే."

లచ్చిరాంకు కార్డంటే ఏమిటో తెలియదు. మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కూసో కొడుకా," అన్నాడు, "గంత దూరంకెల్లి వచ్చినవ్. చాయ్ తాగి పో."