ఐనార్ అటక మీది వెండి రేకు

నేను పదో తరగతిలో బడి మానేశానని మా ఊళ్ళో చెప్పుకుంటారు. అది అబద్ధం. నాకు నేర్పడానికి ఇంకేమీ మిగల్లేదని మాస్టార్లే చేతులెత్తేశారు. విస్కాన్సిన్ కొండల మధ్య మా ఎల్క్‌ఫోర్డ్‌లో టీవీ యాంటెన్నా అంటే ఈ లాయిడ్ మాటే చట్టం. కోటు తగిలించే తీగతో ఒకసారి కెనడా స్టేషన్ పట్టాను. అక్కడ వాన పడుతోంది, ఇక్కడ మా తివాచీ తడిసింది. నమ్మకపోతే మానెయ్యండి.

ఐనార్ ట్వేటెన్ గురించి చెప్పేది మాత్రం నమ్మండి.

నలభై ఏళ్ళు ఆవుల్ని మేపి పాలు పితికిన మనిషి. రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు. లూథరన్ చర్చిలో మూడో వరస ఎడమ చివర ఆయన చోటు. ఒక్కగానొక్క కూతురు సిగ్నే లా క్రాస్ పట్నంలో వేరే శాఖవాడైన కేథలిక్ కుర్రాణ్ణి చేసుకుని, వాళ్ళ చర్చిలోనే పాడుతోందని తెలిసి, "నా గడప తొక్కొద్దు" అన్నాడు. ఆ పిల్లదీ తండ్రి మొండితనమే. తొమ్మిదేళ్ళు తొక్కలేదు.

1979 అక్టోబరుకి ఆయన భార్య బోర్గిల్డ్‌కి మతిమరుపు ముదిరింది. ముందు కాఫీలో ఉప్పేసింది, తర్వాత పక్కింటివాళ్ళ పేర్లు పోయాయి. ఒకరోజు నా చెయ్యి పట్టుకుంది.

"లాయిడ్, లా క్రాస్ స్టేషన్‌లో ఆదివారం పొద్దున్న, చర్చికి పోలేని వాళ్ళకోసం ప్రార్థన చూపిస్తారట. సిగ్నే ముందు వరసలో పాడుతుందట. దాని మొహం మర్చిపోయేలోపు ఒక్కసారి చూపించరా."

ఐనార్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "యాంటెన్నా కప్పు మీద పెడితే మంచుగడ్డలు విరగ్గొడతాయి. అటక మీద పెట్టు" అన్నాడు. కూతుర్ని పిలవడం కన్నా అటక ఎక్కడమే ఆయనకి తేలిక.

అటక లోపల వాసాలకి ఒక్క సందు లేకుండా వెండి రేకు అతికించిన దూది పరుపులు. బోర్గిల్డ్ చలికి వణక్కూడదని ఆ వేసవిలో ఆయన తన చేత్తో మేకులు కొట్టి బిగించినవి.

"ఒరే, ఈ రేకు అడ్డం కాదూ?" అన్నాడు ఐనార్.

"పెద్దాయనా, ఆవుల సంగతైతే నువ్వు చెప్పు, నేను వింటాను. రేకంటే అద్దం. బొమ్మని పట్టుకుని యాంటెన్నా ఒళ్ళో పడేస్తుంది."

ఆయన నా మాట నమ్మాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇదే తంతు. ఐనార్ అటక మీద యాంటెన్నా తిప్పుతాడు, బోర్గిల్డ్ టీవీ ముందు కూర్చుని చూస్తుంది, ఆమె చెప్పింది నేను నిచ్చెన కింద నుంచి పైకి అరుస్తాను.

"తెల్ల చుక్కలేరా. వెనక ఎవరో ఉన్నట్టుంది, మొహం లేదు."

"లా క్రాస్ వైపు తిప్పు, పెద్దాయనా!"

"అటే ఉందిరా వెధవా! ఇంకా తిప్పితే ఆ కేథలిక్కుల ఒళ్ళో పడతాను!"

"పడితే మోకాళ్ళ మీద పడు, మెచ్చుకుంటారు!"

బోర్గిల్డ్ పగలబడి నవ్వేది. బొమ్మ మాత్రం రాలేదు. నేను కొండల్ని తిట్టాను, ధాన్యం గోపురాన్ని తిట్టాను, సూర్యుడి మీద మచ్చల్ని కూడా తిట్టాను. వచ్చే వారం ఖాయం అన్నాను. క్రిస్మస్ వెళ్ళిపోయింది.

జనవరిలో ఒక ఆదివారం, ఏం కనిపిస్తోందని నేనడిగితే బోర్గిల్డ్, "మంచు తుపాను. ఆవుల్ని లోపల కట్టెయ్యమను" అంది. ఆవుల్ని అమ్మి నాలుగేళ్ళయింది.

"ఏమందిరా?" పైనుంచి ఐనార్.

"కొంచెం ఎడమకి తిప్పమంది" అన్నాను.

మార్చిలో కప్పు అంచున గడ్డకట్టిన మంచు కరిగి అటకలోకి కారింది. ఆ ఆదివారం ఐనార్ యాంటెన్నాని ముట్టుకోలేదు. దక్షిణాన, లా క్రాస్ వైపు, నానిపోయిన పరుపుల్ని చీల్చి పారేస్తున్నాడు, అంతే. కింద టీవీలో పాట లేచింది. చుక్కలు చెదిరిపోయాయి. ముందు వరసలో నీలం గౌను, అచ్చం తండ్రి చుబుకం. సిగ్నే.

"పెద్దాయనా! రేకే అడ్డం! దిగు, దిగు!"

అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో రెండేసి మెట్లు దిగాడు. చిరిగిన రేకు చేతిలోనే ఉంది.

బోర్గిల్డ్ కుర్చీ అంచుకి జరిగి కళ్ళప్పగించి చూస్తోంది.

"ఎంత బాగా పాడుతోందో! ఎవరి పిల్లో?"

ఐనార్ చేతిలోని రేకుని మడత పెడుతున్నాడు.

"చెప్పవేం? నీకు తెలుసా?"

"తెలుసు. మనకి బాగా తెలిసినవాళ్ళ పిల్లే."

"వాళ్ళమ్మ ఎంత మురిసిపోతూ ఉంటుందో" అంది.

అక్టోబరులో ఆవిడకి ఆ మొహం తెలుసు.

మధ్యాహ్నం ఐనార్ కూతురికి ఫోన్ చేశాడు. సాయంత్రానికి సిగ్నే వచ్చి గుమ్మంలో నిలబడింది. తండ్రి పక్కకి తప్పుకుని దారిచ్చాడు. బోర్గిల్డ్ ఆమెకి కాఫీ పోసి, సిగ్గుపడుతూ, "టీవీలో పాడిన అమ్మాయివి కదూ, మా ఇంటికొచ్చావా!" అంది.

తర్వాతి చలికాలానికి ఐనార్ ఆ రేకు మళ్ళీ కొట్టలేదు. బోర్గిల్డ్ మీద రెండు బొంతలు కప్పి, తను ఇంట్లో కోటు వేసుకునే కూర్చుంటాడు. ఆదివారం నేను వెళ్తే జరిగి చోటిస్తాడు. ఒక్క మాట అనడు. తిట్టినా బాగుండేది.