మొక్కు మీసంతో సముద్రం అడుగుకి

తెల్లవారి అయిదున్నరకి తిరుపతి బస్టాండులో పుదుచ్చేరి బస్సు ఎక్కేటప్పటికి నాకు నాలుగు నెలల గడ్డం, పెదవి మీదికి దిగిన మీసం, చెవులు మూసేసిన జుట్టు ఉన్నాయి. కండక్టరు నన్ను ఏదో దీక్షలో ఉన్నవాడనుకుని గౌరవంగా కిటికీ సీటు చూపించాడు. నేను పోతున్నది సిలిండరు వీపుకు కట్టుకుని సముద్రంలో మునగడానికని ఆయనకి చెప్పలేదు.

నాది తిరుపతిలో స్టీలు సామాన్ల కొట్టు. పక్కనే బాషాది పరుపుల కొట్టు. పోయిన చలికాలంలో ఇద్దరం సరదాకి పుదుచ్చేరి పోయి, సముద్రంలో మునిగే మొదటి కోర్సు చేసి వచ్చాం. పద్దెనిమిది మీటర్ల దాకా దిగవచ్చని కార్డు కూడా ఇచ్చారు. ఆ కార్డు చూపించి మా వీధిలో నేను కోసిన కోతలు అన్నీ ఇన్నీ కావు. కోతలకి పద్దెనిమిది మీటర్లు చాలవు కాబట్టి ముప్ఫై మీటర్ల దాకా తీసుకుపోయే అడ్వాన్స్‌డ్ కోర్సుకి పేరిచ్చేశాం.

మా ఆవిడ సుగుణ వారం రోజులు మాట్లాడలేదు. ఆమె తమ్ముడు స్వర్ణముఖి వరదలో కొట్టుకుపోయాడు. నీళ్ళంటే ఆమెకి గుర్తొచ్చేది అదే. చివరికి కోర్సుకి నాలుగు నెలలుందనగా ఒక పొద్దున ఇడ్లీ పెడుతూ చెప్పింది. "పో. నువ్వు క్షేమంగా బయటికొస్తే నీ తల, గడ్డం, మీసం కొండ మీద ఇప్పిస్తానని స్వామికి మొక్కినాను. అంతదాకా కత్తెర తగిలించినావంటే సూడు." ఇంత చవగ్గా ఒప్పుకుందే అని లోలోపల మురిసిపోయాను.

నగరిలో చీరల మూటతో ఒక నేతాయన ఎక్కి మా పక్కన కూర్చున్నాడు.

"యాడికప్పా ప్రయాణం?"

"సముద్రం అడుగుకి," అన్నాడు బాషా.

"ఆడ ఏముండాది?"

"చేపలు."

"చేపలు మా సంతలో ఉండాయి కదబ్బా!" అని, మేం అదివరకే ఒకసారి పోయి వచ్చామని తెలిశాక ఇంకా ఆశ్చర్యపడ్డాడు. "మళ్ళా ఎందుకు?"

"ఇంకా లోతుకి పోవల్ల," అన్నాను నేను.

"లోతుకి పోతే చేపలు పెద్దయి ఉంటాయా?"

ఆయన తిరుత్తణిలో దిగిపోయేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కంచిలో బస్సు ఆగితే పొంగలి తిన్నాం, బాగుంది. పుదుచ్చేరి చేరేసరికి ఒంటిగంట దాటింది. హార్బరుకి దగ్గర్లో ఫ్యాను గది దొరికింది. వచ్చేవాళ్ళు మేడ మీది గది అడగండి, కింద గదుల్లో చేపల వాసన ఎక్కువ.

మర్నాడు ఆరింటికి పడవ దగ్గర మా గురువు సెల్వి కలిసింది. కడలూరు అమ్మాయి, తమిళంలోనే మాట్లాడింది. చిత్తూరు వైపు వాళ్ళకి తమిళం ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె నా ముఖంలోకి చూసి అడిగిన మొదటి మాట, "ఈ మీసం ఏంటి సార్?"

సంగతేమిటంటే, మాస్కు అంచు ముక్కు కింద పై పెదవికి గట్టిగా అతుక్కోవాలి. మధ్యలో వెంట్రుకలుంటే సందు దొరికి నీళ్ళు వస్తాయి. మొదటి కోర్సప్పుడు నాకు సన్న మీసం కాబట్టి పెద్దగా తెలియలేదు. బాషాకి గుండెల దాకా గడ్డం ఉంది గానీ, వాళ్ళ ఇంటి పద్ధతి ప్రకారం మీసం నున్నగా గీసేస్తాడు. వాడి మాస్కు ఎంత బాగా అతుక్కుందంటే లాగితే గానీ ఊడిరాలేదు.

"మా పెద్దోళ్ళకి ముందే తెలిసినట్టుండాది కదప్పా," అని వాడు గడ్డం దువ్వుకున్నాడు.

"వీధి చివర మంగలి షాపుంది, పది నిమిషాల్లో వచ్చేయండి," అంది సెల్వి.

"ఇది నాది కాదమ్మా. కొండ మీది స్వామిది."

తమిళులకి తిరుపతి మొక్కు అంటే విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఆ పిల్ల పడవ లోపలికి పోయి వ్యాజిలీను డబ్బా తెచ్చి, మీసానికి దట్టంగా పట్టించమంది. "పోయినసారి కోర్సు తర్వాత ఎన్నిసార్లు దిగారు?" అని అడిగింది.

"ఒక్కసారీ లేదు."

"మాస్కులోకి నీళ్ళొస్తే ఊదేయడం గుర్తుందా?"

"ఓ, బ్రహ్మాండంగా!" అన్నాను. స్టీలు గిన్నెలు అమ్మే నోరు కదా, ఊరుకోదు.

పడవ ముప్పావుగంట పోయాక తాడు పట్టుకుని దిగాం. ముందుగా తక్కువ లోతులో పరీక్ష అంది. పది మీటర్ల దగ్గర ముక్కు కింద చల్లగా తగిలింది. చూస్తుండగానే మాస్కు సగం నిండింది. ఊదాలి. తల కాస్త ఎత్తి, మాస్కు పై అంచు నొక్కి, ముక్కుతో ఊదాలి. అదంతా నాకు తెలుసు. కానీ నేను ఊదడం మాని పీల్చాను. ఉప్పునీళ్ళు నేరుగా నెత్తికెక్కాయి. అమ్మో! చచ్చాననుకున్నాను. కాళ్ళు తన్నుకుంటూ పైకి ఎగరబోతే సెల్వి నా గాలి జాకెట్టు పట్టుకుని ఆపేసింది. అంత లోతునుంచి ఊపిరి బిగబట్టి పైకి ఎగిరితే ఊపిరితిత్తులు చితికిపోతాయని క్లాసులో చెప్పారు. ఆ క్షణంలో క్లాసు ఎవరికి గుర్తుంది? నాకు గుర్తొచ్చింది తమ్ముడి ఫొటోకి దండ మార్చే సుగుణ. ఆ పక్కన నా ఫొటో కూడా పెట్టుకుంటుందా అనిపించి, నీళ్ళలోనే ఏడుపు వచ్చింది.

సెల్వి నోటిముందు చెయ్యి ఆడిస్తూ, పీల్చు, వదులు అని చూపిస్తూ నన్ను మెల్లగా పైకి తెచ్చింది. కిందికి చూస్తే, సెల్వితో పాటు దిగిన సహాయకుడి పక్కన బాషా కాళ్ళు ముడుచుకుని, చేపలకి పరుపులు అమ్ముతున్నట్టు నింపాదిగా ఉన్నాడు.

పడవ మీద ఆమె కోప్పడలేదు. "మీసం ఒక్కటే కారణం కాదు సార్. చేతికి అలవాటు కాలేదు. ముందు ఈ లోతులోనే పది పదిహేనుసార్లు దిగండి. లోతు ఎక్కడికీ పోదు," అంది.

మర్నాడు బాషా ముప్ఫై మీటర్లు దిగాడు. నేను పడవలో తువ్వాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. వాడు పైకి రాగానే ఆత్రంగా అడిగాను, ఏముందని.

"చీకటి జాస్తి. చేపలు తక్కువ," అన్నాడు. నగరి ఆయన అక్కడ లేకపోయాడు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి కార్డు రాలేదని చెప్పాను. సుగుణ ఒక్కటే అడిగింది, "నువ్వు బయటికొచ్చినావా లేదా?"

"వచ్చినాను."

"నేను మొక్కింది దానికే. కార్డుకి ఎవరు మొక్కినారు? బయల్దేరి రా."

తిరుపతిలో బస్సు దిగేసరికి ఆమె మారుబట్టల సంచితో అక్కడే నిలబడి ఉంది. బాషా మా సామాను ఇంటికి చేరవేస్తానన్నాడు. మేం అటునుంచి అటే కొండెక్కాం. కళ్యాణకట్టలో నాలుగు నెలల సాగు నాలుగు గీతల్లో నేలపాలయింది. దర్శనం చేసుకుని, గుండుకి గంధం పూసుకుని దిగే బస్సులో కూర్చున్నాం.

రెండో మలుపు దగ్గర వేలితో పై పెదవి తడుముకున్నాను. నున్నగా ఉంది. ఇప్పుడైతే మాస్కు జిగురు పెట్టినట్టు అతుక్కుంటుంది.

"నువ్వేమి ఆలోచన చేస్తా ఉండావో నాకు తెలుసులే," అంది సుగుణ. "పో. మళ్ళా పో. నేను వద్దనను. కానీ ఈ తూరి నీ మీసం జోలికి రాను. నా జుట్టు మొక్కినాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే, స్వామి ముందర. నువ్వు లోతుకి పోయి క్షేమంగా వస్తే నా తలనీలాలు ఇస్తాను."

ఆమె జడ నడుము దాటుతుంది. పెళ్ళిచూపుల్లో నేను ముఖంకన్నా ముందు చూసింది దాన్నే. మునిగిపోతే మనిషి ఉండడు, గెలిచి వస్తే జడ ఉండదు. ఇంత చవగ్గా ఒప్పుకుందే అని మురిసిపోయిన నా మొహం నాకే గుర్తొచ్చింది.

ఇప్పటికీ, కొత్తగా మునక నేర్చినవాళ్ళు వెంటనే అడ్వాన్స్‌డ్ కోర్సుకి పోవచ్చా అని మా కొట్టుకి వచ్చి అడుగుతుంటారు. మీసం సంగతి చూసుకోండి, మాస్కులో నీళ్ళు ఊదడం కళ్ళు మూసుకుని వచ్చేదాకా ఆగండి అని చెబుతుంటాను. మూడో సంగతి చెప్పను, అది మా ఇంటిది.

ఆ రోజు దిగే బస్సులో ఘాట్ గాలికి ఆ జడ ఎగిరి నా ఒళ్ళో పడింది. అలిపిరి వచ్చేదాకా దాన్ని రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాను.

"ఎప్పుడు పోతావు మరి?" అని అడిగింది.

"ఎందుకులే సుగుణా," అన్నాను. "అడుగున ఏముండాదో బాషా సూసి చెప్పినాడు కదా."